ఎప్పటి నుంచి తెలుసు

ఇయర్‌ఫోన్ తీగ చిక్కు పడిపోయింది. నాన్న దాన్ని దుప్పటి మీద పెట్టుకుని విప్పుతున్నాడు, ఇలా ఇవ్వు నేను తీస్తానంటే ఇవ్వలేదు, "ఊరందరి జుట్టూ చిక్కు తీసిన చేతులే ఇవి" అన్నాడు, అన్నాడే గాని ఆ చేతుల మీద సూది అంటించిన చోట చర్మం నీలంగా ఉంది, నేను టీవీ వైపు తిరిగాను. టీవీలో ఇంకా ప్రకటనలే. కింద ఆసుపత్రి కొట్లో దొరికే ఇయర్‌ఫోన్ ఒక చెవికే ఉంటుంది, పొడుగాటి తీగ, చివర ఒకే బుడిపె, నలుగురు పడుకునే గదిలో టీవీ చప్పుడు బయటికి రాకూడదు గనక ఎవరి మంచం మీద వాళ్ళు ఒంటి చెవితో వింటారు, రెండో చెవి నర్సు పిలిస్తే పలకడానికి. అంటే ఇవాళ వినేది నాన్న ఒక్కడే. నేను ఊరికే చూస్తాను. అదీ మంచిదే, నా గొంతు నేను వినక్కర్లేదు. అమ్మ బట్టల బుట్ట పట్టుకుని కింది అంతస్తులో ఆరబెట్టే మెషిన్ దగ్గరికి వెళ్ళింది, "మీరిద్దరూ చూడండి, నేను రికార్డింగ్ పెట్టొచ్చాను, ఇంటికెళ్ళి పెద్ద టీవీలో చూసుకుంటా" అని, వెళ్తూ వెళ్తూ నాన్న పాదాల మీద దుప్పటి సర్ది మరీ వెళ్ళింది. ఆదివారం సాయంత్రం, జూన్ వాన, కిటికీలో అరకవా నది మీద రైలు వంతెన మసగ్గా కనిపిస్తోంది. ఇంకాసేపట్లో నేను గొంతిచ్చిన బొమ్మల సీరియల్లో ఆ అయిదుగురిలో మనిషి కానిదెవరో బయటపడుతుంది, పిల్లలూ పిల్లల్లాంటి పెద్దలూ వసంతం నుంచి కాచుకుని కూర్చున్న భాగం ఇది, ఎక్కడ చూసినా అదే మాట. నాన్నకి ఆ సంగతి ముందే తెలుసు. నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, ఎందుకంటే ఆ ఒక్క మాటతో ఇంకో సంగతి కూడా చెప్పేశాను, ఆ రోజు నుంచి నాన్న ముఖం చూడ్డానికి నాకు ముఖం చెల్లడం లేదు.

చెప్పకపోవడమే నా వృత్తి. యానిమే బొమ్మలకి గొంతిస్తాను, పాతికేళ్ళు కావస్తోంది, మొదట్లో పిల్లులకీ ఉడతలకీ, తర్వాత ఎవరో ఒకరి చెల్లెళ్ళకి, ఈమధ్య అమ్మలకీ టీచర్లకీ. కథలో ముందేం జరుగుతుందో ప్రసారమయ్యేదాకా కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు, సంతకాలు పెట్టించుకుంటారు సరే, సంతకం లేకపోయినా చెప్పం, అది మా పరువు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అందరికీ తెలుసు, ఒకమ్మాయి రైల్లో స్నేహితురాలితో నవ్వుతూ ఏదో అనేసి ఏడాదిపాటు పని లేకుండా కూర్చుంది. నాన్నకి మాత్రం ముందే తెలుసుకోవాలన్న పిచ్చి. కవాగుచిలో మా కటింగ్ షాపులో అద్దం పైన చిన్న టీవీ ఉండేది, మధ్యాహ్నం నేరపరిశోధన సీరియల్ వస్తుంటే గడ్డాలకి నురగ రాస్తూ "ఆ వదినే చంపింది, చూడండి, టీ ఇచ్చేటప్పుడు చెయ్యి అటు తిప్పింది" అనేసేవాడు, నూటికి తొంభై పాళ్ళు నిజమయ్యేది, ఒకాయనకి ఒళ్ళు మండి సగం గడ్డంతోనే లేచిపోయాడు. అలాంటి మనిషికి అన్నీ ముందే తెలిసిన కూతురు పుట్టింది, ఆ కూతురు నోరు విప్పదు. ప్రతి ఆదివారం నా ప్రోగ్రాం అవగానే ఫోన్. "ఎవరే చిజూ? ఇంజినీరేనా?" "నోరు కుట్టేసుకున్నాను నాన్నా." "సరే, మాట్లాడకు, దగ్గితే చాలు, ఇంజినీరని అర్థం చేసుకుంటా." "నేను దగ్గను." "అయితే వంటామె." "నాకు జలుబు చేసినా దగ్గను." ఇది మా ఆట, ఆయన అడగాలి, నేను చెప్పకూడదు, పెళ్ళి విడిపోయి ఒంటరిగా గదిలో పడున్న రోజుల్లో ఆ ఫోన్ ఒక్కటే వారానికోసారి నన్ను నవ్వించేది.

ఈ వసంతంలో మొదలైనదాని పేరు 'నిద్ర ఓడ'. వేలమందిని నిద్రపుచ్చి, కొత్త నేల వెతుక్కుంటూ చుక్కల మధ్య పోతున్న ఓడ, మేలుకుని ఉండేది అయిదుగురే, కెప్టెన్, ఇంజినీరు, దారి చూసేవాడు, వంటామె, నర్సు. అయిదుగురిలో ఒకరు మనిషి కాదు, మనిషిలా చేసిన యంత్రం, ఎవరో మిగతావాళ్ళకి తెలియదు. నేను నర్సు యుకినోని. నెమ్మదిగా మాట్లాడుతుంది, నిద్రపోయేవాళ్ళ పెట్టెల మీద మంచు తుడుస్తూ "చలేస్తోందా" అని అడుగుతుంది, వాళ్ళకి వినపడదని తెలిసీ. నాకు బాగా నచ్చిన మనిషి. మనిషి అనే అనుకున్నాను, కెప్టెన్ యంత్రమని స్క్రిప్ట్ చదివి అర్థం చేసుకున్నాక మరీ నచ్చింది, పాపం ఇన్నాళ్ళూ ఆయన్ని ఎంత నమ్మిందో అనిపించి.

ఆసుపత్రిలో చేరిన రోజు డాక్టరు నాన్నని అడిగాడు, పరీక్షల్లో ఏం తేలినా మీకే నేరుగా చెప్పమంటారా అని. ఈ కాలంలో అందరికీ చెప్పేస్తున్నారు, చెప్పాలనే అంటారు. నాన్న మెడ గోక్కుంటూ నవ్వాడు. "నాకొద్దండీ. మా ఆవిడకి చెప్పండి. నేను పిరికివాణ్ణి." నేను పక్కనే ఉన్నాను. అందరి కథల చివరా ముందే పసిగట్టే మనిషి, తన దాని దగ్గరికి వచ్చేసరికి చెప్పొద్దన్నాడు, ఎంత సూటిగా అన్నాడు, ఎంత తేలిగ్గా, ఒక్కటే కోరుకున్నాడు. తర్వాత అమ్మనీ నన్నూ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు, బల్ల మీద టిష్యూల పెట్టె, డాక్టరు క్లోమగ్రంథి అన్నాడు, పాకిపోయింది అన్నాడు, ఎన్నాళ్ళని అమ్మ అడిగితే, వానలు మొదలయ్యేదాకా ఉంటే అదృష్టమనుకోండి అన్నాడు. అమ్మ తల ఊపింది, షాపులో ఎవరైనా ఎలా కత్తిరించాలో చెప్తుంటే ఊపేది, అచ్చం అలాగే. లిఫ్టులో నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నటివి కదా, పిత్తాశయంలో వాపని చెప్దామనుకుంటున్నా, ఎలా చెప్తే నమ్ముతాడో చెప్పు." నేను నేర్పించాను, సిగ్గులేకుండా నేర్పించాను, మాట మొదలెట్టేముందు ఊపిరి తీసుకోకు అమ్మా, అబద్ధం అక్కడే దొరికిపోతుంది, చేతులకేదో పని పెట్టుకో, మాట మధ్యలో తిట్టు ఒకటి పడెయ్యి. అమ్మ మంచం దగ్గరికి వెళ్ళి నారింజ వలుస్తూ "పిత్తాశయం వాచిందట, చెప్తే విన్నావా, ఆ వేపుళ్ళు మానెయ్యమని" అంది. అంత చక్కగా మా స్టూడియోలో కూడా ఎవరూ చెప్పలేరు. తెర ముందు నిలబడ్డం ఎరగని అమ్మ మాట నిలబెట్టింది, నేర్పిన నేను పడగొట్టాను.

ఆ మరుసటి ఆదివారం. అమ్మ లేదు. నాన్న పీచ్ జెల్లీ తింటున్నాడు, ప్లాస్టిక్ చెంచాతో గీకి గీకి, అప్పుడింకా తినగలిగేవాడు. "ఇంతకీ ఇంజినీరే కదూ, నాకెందుకో వాడి కళ్ళు" అన్నాడు, ఆటలాగే, నా జవాబు కోసం కూడా కాదు. నా సంచీలో ఆ భాగం స్క్రిప్ట్ ఉంది, ఇంకా రికార్డింగ్ కూడా కాలేదు, తెర మీదికి రావడానికి వానాకాలం కావాలి. వానాకాలం. నేను నాన్న మెడ చూశాను, కాలరు వదులైపోయింది. చూసి, ఏదో పెద్ద దానం చేస్తున్నదానిలా, ముందుకు వంగి చెప్పాను. "కాదు నాన్నా. కెప్టెన్." నాన్న చెంచా జెల్లీలోనే ఆగింది. నేను ఆగలేదు, చెయ్యి చిరుగుతుంది, లోపల రక్తం ఉండదు, యుకినో చూస్తుంది, అంతా వరసపెట్టి చెప్పేశాను, చెప్తుంటే ఎంత బాగుందో, జన్మలో ఒక్కసారి నాన్నకి అడిగింది ఇచ్చాననుకున్నాను, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, ఆ నీళ్ళు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. నాన్న నన్ను చూశాడు. కటింగ్ మధ్యలో అద్దంలోంచి చూసే చూపు అది, రెండు చెవుల దగ్గరా సమంగా వచ్చిందా లేదా అని. "అలాగా" అన్నాడు. జెల్లీలోంచి చెంచా తీసి, "ఆ భాగం ఎప్పుడొస్తుంది?" అన్నాడు. "జూన్ చివర్లో." "అలాగా" అన్నాడు మళ్ళీ. జెల్లీ మూత వేసి పక్కన పెట్టాడు. నాకు అప్పటికీ బోధపడలేదు. రైలెక్కి, వంతెన మీదికి వచ్చాక, కిటికీ అద్దంలో నా ముఖం చూసుకుంటుంటే అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోరు విప్పని కూతురు ఎప్పుడు విప్పుతుంది, ఏమనుకుంటే విప్పుతుంది. షాపులో టీ కప్పు పట్టుకున్న చెయ్యి చూసి హంతకుల్ని పట్టుకున్న మనిషికి నా దానం చాలదూ.

ఇంత దిగజారుడు లెక్క ఎవరైనా వేస్తారా, ప్రసారాల పట్టిక పక్కన కన్నతండ్రి ఆయుష్షు పెట్టి చూసుకుని, అబ్బే, ఇది అందుకోదు అని తేల్చేశాను. డాక్టరు వేశాడంటే అది ఆయన చదువు. నాకేం పని. అక్కడితో అయిందా, కాలేదు, నాన్న బతికాడు. వానలు మొదలయ్యాయి, నాన్న ఉన్నాడు. హైడ్రాంజియాలు పూశాయి, నర్సు ఒక కొమ్మ తెచ్చి కప్పులో పెట్టింది, నాన్న ఉన్నాడు. ప్రతి వారం వచ్చి ఆయన్ని చూస్తుంటే సంతోషంతో పాటు ఇంకొకటి కూడా కదిలేది లోపల, దాని పేరు చెప్పడానికి నోరు రావడం లేదు, పట్టుబడ్డ భావం, నాన్న ఇంకా ఉండటం నా తప్పుకి సాక్ష్యంలా. తండ్రి బతికున్నందుకు సిగ్గుపడ్డ కూతుర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ తర్వాత ఆయన మరి అడగలేదు. ఆదివారం ప్రోగ్రాం అవగానే ఫోన్ వచ్చేది గాని వానెలా ఉంది, గొడుగు తీసుకెళ్ళావా, గొంతు జాగ్రత్త, అంతే. ఇంజినీరు ఊసు లేదు, వంటామె ఊసు లేదు. నేను కూడా తేలు కుట్టిన దొంగలా ఊ కొట్టేదాన్ని. అమ్మ మాత్రం పిత్తాశయం కథ రోజూ కొత్తగా చెప్తూనే ఉంది, వాపు కాస్త తగ్గిందట అంటూ, నాన్న అవునా అంటూ నారింజ తొన నోట్లో పెట్టుకుని రసం పీల్చి పిప్పి కాగితంలో ఉమ్మేవాడు, నేను వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని ఎవరు ఎవరిని మోసగిస్తున్నారో తెలిసిన ఒకే ఒక్క ప్రేక్షకురాలిని.

చిక్కు వీడింది. నాన్న బుడిపెని కుడి చెవిలో పెట్టుకుని, సరిగా కూర్చోలేదని మళ్ళీ తీసి ఊది పెట్టుకున్నాడు. పక్క మంచం మియోషి గారు, మంచాల మధ్య గుడ్డ తెర వెనక, రేడియోలో బేస్‌బాల్ వింటూ మధ్యమధ్య ఎవడినో తిట్టుకుంటున్నారు. పేర్లు పడుతున్నాయి, నా పేరు అయిదోది, ఒగిసో చిజురు, నాన్న ఎప్పటిలాగే పెదాలు కదిపి చదివాడు. చప్పుడు లేని బొమ్మలు. ఓడ, నల్లటి ఆకాశం, పొడుగాటి నడవా, నడవాలో యుకినో నడుస్తోంది, నోరు తెరుస్తోంది మూస్తోంది, ఆ నోట్లో ఏ మాటలున్నాయో నాకు కంఠతా వచ్చు. మేం రికార్డు చేసేటప్పుడు ఈ బొమ్మలేవీ ఉండవు, తెల్ల కాగితం మీద పెన్సిలు గీతలు, తలకాయలంటే గుండ్రాలు, ఎవరి మాటప్పుడు వాళ్ళ పేరు వెలుగుతుంది, ఆ వెలుగు ఉన్నంతసేపట్లో చెప్పెయ్యాలి. గరగరలాడే బట్టలు వేసుకోకూడదు, గాజులు ఉండకూడదు, కడుపులో చప్పుడు రాకుండా ముందే రొట్టె ముక్క తినాలి, కాగితం తిప్పినా వినపడకూడదు. ఈ భాగం రికార్డింగుకి నేనూ రొట్టె తినే వెళ్ళాను, నాన్నకి చెప్పిన వారమే అది. పైగా కెప్టెన్ పాత్రధారి రాలేదు, ఆయనది విడిగా రికార్డు చేస్తామన్నారు, ఈమధ్య అలా మామూలే గనక నేనేం అనుకోలేదు. గాజు గది అవతల దర్శకుడు సెనో, కంటి కింద నల్లటి చారలతో. చిరిగిన చెయ్యి గీతల్లో దగ్గరగా కనిపిస్తుంది, నేను అనాల్సింది ఒక్క వాక్యం. ఎప్పటి నుంచి తెలుసు? అన్నాను. ఇంకోసారి అన్నాడు. అన్నాను, కోపంగా. కాదు. అన్నాను, జాలిగా, ఇన్నాళ్ళూ తను మనిషి కాదని తెలిసీ దాచుకున్న కెప్టెన్ మీద జాలి. సెనో మైకు నొక్కి, "ఒగిసో గారూ, ఇంకాస్త సిగ్గుతో" అన్నాడు. సిగ్గెందుకు, సిగ్గుపడాల్సింది కెప్టెన్ కదా, అడిగేదానికెందుకు సిగ్గు? అడగలేదు నేను, దర్శకుణ్ణి ఎందుకని అడగడం మాలో మర్యాద కాదు. కళ్ళు మూసుకున్నాను, జెల్లీలో ఆగిపోయిన చెంచా కనిపించింది, అద్దంలోంచి చూసే చూపు, అలాగా. ఎప్పటి నుంచి తెలుసు నాన్నా, నేను చెప్పకముందే తెలుసా, తెలుసని చెప్పు, నేను కాదని చెప్పు. అదంతా ఆ ఒక్క వాక్యంలోకి వచ్చింది. "అదే" అన్నాడు సెనో, "అదే, అదే, చాలు." పక్కనున్న కుర్రపిల్ల నటి నా భుజం తట్టింది. నాన్న దగ్గర ఒప్పుకోవాల్సిన తప్పు తీసుకెళ్ళి మైకుకి అమ్ముకుని, శభాష్ అనిపించుకుని బయటికొచ్చాను. మెట్రో స్టేషన్‌లో వాంతి చేసుకున్నాను, రొట్టెతో సహా.

ఇప్పుడు అది వస్తోంది. పెట్టెల గదిలో పొగ, పైకప్పు విరిగి పడింది, అందరూ పరుగెత్తుతున్నారు. నాన్న బుడిపెని వేలితో నొక్కిపట్టుకుని ముందుకు వంగాడు. తెలిసిన కథే కదా నాన్నా ఎందుకంత శ్రద్ధగా చూస్తావు, నా కోసమా, నేను చెప్పలేదన్నట్టు, నీకు తెలియదన్నట్టు, వారాల తరబడి కూడగట్టుకున్న ఈ మర్యాదంతా నాకేనా? ఇంకాసేపట్లో ఆశ్చర్యపోతావు, నోరు తెరుస్తావు, అరెరె కెప్టెనా అంటావు, అది చూడటానికే నన్ను ఇక్కడ కూర్చోబెట్టాడు దేవుడు. లేచిపోదామా, అమ్మ దగ్గరికి వెళ్ళి బట్టలు మడత పెడదామా. తెర నిండా ఒక చెయ్యి, చిరిగిన గుడ్డ, చర్మం ఒక పాయ విడిపోయి, లోపల సన్నటి వెండి తీగలు, చక్కగా వేశారు, గీతల్లో ఇంత చక్కగా లేదు. ఇంకో చెయ్యి వచ్చి దానికి కట్టు కడుతోంది. ఇప్పుడు నా వాక్యం. నాకు వినపడదు. వినపడకపోయినా ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో నా గొంతుకి తెలుసు, నాన్న చెవిలో నేను అడుగుతున్నాను, నా నోటితో ఎన్నడూ అడగలేనిది నా గొంతు అడిగేస్తోంది, సిగ్గుతో, సెనో కోరినంత సిగ్గుతో.

"నువ్వు చెప్పిన రోజు నుంచే."

అన్నది నాన్న. టీవీని చూస్తూనే అన్నాడు. చెవిలో బుడిపె ఉన్నవాళ్ళకి తమ గొంతెంత పెద్దదో తెలియదు, గదంతా వినపడేలా అన్నాడు. తెర వెనకనుంచి మియోషి గారు రేడియో తగ్గించి, "ఏంటండీ ఒగిసో గారూ, నన్నేనా?" అన్నారు. "మిమ్మల్ని కాదు లెండి," అన్నాడు నాన్న, "కూతురు ఏదో అడిగితే." నేను అడగలేదు. నేను పెదవి కూడా కదపలేదు. నాకు తల కొట్టేసినట్టయింది, చెవులు కాలిపోతున్నాయి, నువ్వు కాదు నాకు ముందే తెలుసు అంటాడేమోనని ఏదో మూల దాచుకున్న కాస్త ఆశ కూడా పోయింది, నేనే, నేను చెప్పిన రోజే, పీచ్ జెల్లీ రోజే. కడుపులో పెట్టుకుని ఓదార్చలేదు నాన్న, నిజం చెప్పాడు, నాకు కావాల్సింది అదేనని ఆయనకెలా తెలిసిందో.

అప్పుడు నాన్న నోరు తెరుచుకుంది. నటన కాదది. పళ్ళ సెట్టు తీసేసిన నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది, కనుబొమలు పైకి లేచాయి, ఇయర్‌ఫోన్ తీగ పట్టుకుని లాగాడు, నేను గబుక్కున టీవీ చూశాను. కట్టు కడుతున్నది కెప్టెన్. ఆ చెయ్యి యుకినోది. వెండి తీగలు యుకినోవి. తలవంచుకుని కూర్చుంది నా యుకినో, నా మనిషి, కెప్టెన్ ఆమె చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని నెమ్మదిగా గుడ్డ చుడుతున్నాడు. కాసేపు నాకేం అర్థం కాలేదు. స్క్రిప్ట్‌లో అలా లేదు. స్క్రిప్ట్‌లో ఏముంది? కెప్టెన్, చిరిగిన చెయ్యి, ఎప్పటి నుంచి తెలుసు, అంతే ఉంది. ఎవరికి తెలుసు, ఎవరి గురించి తెలుసు, మా మాటల్లో అవేవీ చెప్పం, చెప్పకుండానే బండి నడిచిపోతుంది. మీరు మనిషి కాదని మీకు ఎప్పటి నుంచి తెలుసు అనుకుని అన్నాను నేను. నేను మనిషిని కాదని మీకు ఎప్పటి నుంచి తెలుసు అని అయింది. మాట అదే, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, అందుకే సిగ్గు కావాలన్నాడు సెనో, అందుకే కెప్టెన్‌ని విడిగా రికార్డు చేశాడు, అందుకే గీతల్లో చెయ్యి ఎవరిదో తెలియకుండా దగ్గరగా వేయించాడు. నాకు తెలిస్తే నేను యుకినోని యంత్రంలా పలుకుతానని భయపడి ఉంటాడు. పెట్టెల మీద మంచు తుడుస్తూ చలేస్తోందా అని మనిషిలా అడిగించాడు వసంతమంతా.

నాన్న నవ్వుతున్నాడు. చప్పుడు రాకుండా, పొట్ట పట్టుకుని, నొప్పి పుడుతోందని తెలుస్తూనే ఉంది, అయినా నవ్వుతున్నాడు. "ఇన్నేళ్ళు చెప్పక చెప్పక," అన్నాడు ఊపిరి తీసుకుని, "ఒక్కసారి చెప్పావు. అదీ తప్పే చెప్పావు."

"నాకూ తెలియదు నాన్నా. నాక్కూడా చెప్పలేదు."

"నీ ముఖం చూస్తే తెలుస్తోంది లే." మళ్ళీ నవ్వు. "నీ గొంతు నువ్వే ఎరగవు. మన కటింగ్ షాపులో అయితే దీనికి ఉచితంగా గుండు చేసేవాణ్ణి."

అబద్ధపు రహస్యం చెప్పి అసలు రహస్యం బయటపెట్టాను, ఆ సంగతి కూడా తెలియకుండా పెద్ద దాతలా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, ఇంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా. క్షమించమని అడగాలి, ఇప్పుడే అడగాలి, నోరు తెరిచాను. "నాన్నా, ఆ రోజు నేను" అన్నాను. నాన్న వేలెత్తాడు, ఆగు అని, బుడిపె మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు, తెర మీద కెప్టెన్ మాట్లాడుతున్నాడు, చాలాసేపు మాట్లాడుతున్నాడు, యుకినో తలెత్తి వింటోంది. నా స్క్రిప్ట్‌లో కెప్టెన్‌కి అక్కడ మాటలే లేవు. ఆమె అడిగినదానికి ఆయనేం జవాబిస్తున్నాడో లోకమంతటికీ వినపడుతోంది, నాన్నకి వినపడుతోంది, నాకు తప్ప. నాన్న ముఖం నెమ్మదిగా సర్దుకుంది, నవ్వు పోలేదు గాని వెనక్కి జరిగింది, తల ఊపుతూ విన్నాడు, అవునవును అన్నట్టు. చివరి పాట మొదలైంది.

"ఏమన్నాడు కెప్టెన్?"

"చెప్పను."

"నాన్నా."

"దగ్గను కూడా దగ్గను. ఇంటికెళ్ళి చూసుకో." ఇయర్‌ఫోన్ తీసి, తీగని చుట్టగా చుట్టి దిండు కింద పెట్టుకున్నాడు. అలసిపోయాడు, వెనక్కి వాలాడు, కళ్ళు మూసుకున్నాడు. వాన కాస్త తగ్గినట్టుంది, వంతెన మీద రైలు ఒకటి దీపాలతో వెళ్ళిపోయింది. నడవాలో భోజనాల బండి చక్రాల చప్పుడు, గంజన్నం వాసన. కళ్ళు మూసుకునే అన్నాడు, ఈసారి చిన్న గొంతుతో, మియోషి గారికి వినపడకుండా. "మీ అమ్మకి చెప్పకు."

"కథా?"

"కథ కూడా."

సరేనన్నాను. నా సరే ఎంత విలువైనదో ఇద్దరికీ తెలుసు, అయినా అన్నాను, ఆయన తల ఊపాడు. క్షమించమని అడగడం మిగిలిపోయింది, ఇక అది మిగిలే ఉంటుంది, ఆ సిగ్గు నాతో ఉండనీ అనుకున్నాను, ఎక్కడికి పోతుంది. నాన్న చెయ్యి దుప్పటి మీద ఉంది. పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది.

అమ్మ బుట్టతో వచ్చింది. పైన మడత పెట్టిన తువ్వాళ్ళు, ఇంకా వేడిగా ఉన్నాయి, ఆ వేడి మా దాకా వచ్చింది. నా ముఖం చూసింది, నాన్న ముఖం చూసింది, మా చేతులు చూసింది. "అయిపోయిందా? ఎవరు? కాదు, వద్దు, చెప్పకండి," అంది, బుట్ట గబుక్కున మంచం చివర పెట్టేసి రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంది. "నాకేం చెప్పకండి, ఇద్దరూ, నేను ఇంటికెళ్ళి చూసుకుంటా." నాన్న చెప్పంలే అని చెయ్యి ఊపాడు. నేను చెప్పనని తల అడ్డంగా ఊపాను. మేమిద్దరం నోరు తెరవనే లేదు. అయినా అమ్మ చెవుల మీంచి చేతులు తియ్యలేదు.